శార్దూలానికి గర్జన అంటగట్టకండి

పద్యం పేరు చెబితే దాని రసం కూడా చెప్పేసినట్టేనన్న నమ్మకం మన తరగతి గదుల్లోనూ సాహిత్య సభల్లోనూ బాగా పాతుకుపోయింది. శార్దూలమంటే వీరం, రౌద్రం. మత్తేభమంటే గాంభీర్యం. ఉత్పలమాల, చంపకమాల అంటే సౌకుమార్యం. మత్తకోకిల అంటే ఉల్లాసం. కందమంటే నీతి. పద్యాన్ని విశ్లేషించమంటే ముందు గురులఘువులు గుర్తిస్తారు, గణాలు విడదీస్తారు, యతి ఎక్కడ పడిందో చెబుతారు, పద్యం పేరు తేలుస్తారు. ఆ పేరు పక్కన ఎప్పుడో రాసిపెట్టి ఉన్న రసాన్ని తీసుకొచ్చి, కవి భావానికి తగిన వృత్తాన్నే ఎంచుకున్నాడని ఒక వాక్యం రాసి ముగిస్తారు. ఆ వాక్యాన్ని తెలుగులో ఏ పద్యం కింద రాసినా సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే మాట ఈ పద్యం గురించి చెప్పింది ఏమీ లేదు.

ఈ పద్ధతి తప్పని నా వాదన. ఛందస్సుకూ రసానికీ సంబంధం లేదని నేను అనడం లేదు. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. కానీ అది వృత్తం పేరులో లేదు, గణాల వరసలోనూ లేదు. వృత్తం తన నడకన తాను పోతుంటే వాక్యం తన నడకన తాను పోతుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ తగువు పడతాయి, క్రియ ఎక్కడ పడుతుంది, మాట ఎక్కడ తెగుతుంది అన్నదాంట్లో రసం ఉంది. అటు చూడకుండా చేసే గణవిభజన లెక్కే తప్ప విశ్లేషణ కాదు.

ముందు లక్షణం వైపు నుంచే చూద్దాం. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల వస్తుంది. మిగతా పాదమంతా అక్షరం తేడా లేకుండా ఒకటే. శార్దూలంలో మొదటి గురువును అలాగే విడదీస్తే మత్తేభం. మత్తకోకిలలో విడదీస్తే తరళం. 20 అక్షరాలు 21 అవుతాయి, 19 అక్షరాలు 20 అవుతాయి, 18 అక్షరాలు 19 అవుతాయి. మాత్రల మొత్తం మారదు, నడక మారదు. శార్దూలం రౌద్రానికీ మత్తేభం గాంభీర్యానికీ అని గీత గీసేవాళ్ళు ఆ గీతను పాదానికి ఒక్క గురువు మీద నిలబెడుతున్నారు. శతకకారులు ఈ జంటలను ఒకే మకుటం కింద కలిపి వాడుకున్నారు. వాళ్ళకు ఇవి రెండు రసాలుగా కనిపించి ఉంటే అలా చేసేవారా?

ఇక పద్యాలకు వద్దాం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు మొసలి నోట చిక్కి, పోరాడి పోరాడి, ఇక తన వల్ల కాదని విష్ణువుకు మొరపెట్టుకునే పద్యం తెలుగువాళ్ళలో ఎందరికో కంఠతా వచ్చు. బలం లేదంటాడు, ధైర్యం చలించిందంటాడు, ప్రాణాలు చోటు తప్పాయంటాడు. అది ఏ వృత్తం? శార్దూలం. వీరరసానికి కేటాయించిన వృత్తంలో తెలుగు సాహిత్యం ఎరిగిన అతి నిస్సహాయమైన మొర ఉంది. ‘భావానికి తగిన వృత్తం’ అన్న వాక్యాన్ని ఇక్కడ ఎలా రాస్తారు? అయినా రాస్తూనే ఉన్నారు.

ఆ పద్యంలో ఆర్తి ఎక్కడి నుంచి వచ్చిందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. నాలుగు పాదాల్లో 11 చిన్న వాక్యాలున్నాయి. మొదటి రెండు పాదాల్లోనే ఆరు. ఒక్కో వాక్యం మూడు నాలుగు మాటలకు మించదు, చాలావరకు క్రియతో తెగిపోతుంది. శార్దూలం 19 అక్షరాల పొడుగు పాదం. పెద్ద సమాసం వేసి ఒక్క ఊపున సాగించడానికి చోటున్న పాదం అది. పోతన ఆ చోటును వాడుకోలేదు. పొడుగు పాదంలో పొట్టి వాక్యాలు పోశాడు. చదివే గొంతుకు పాదం ముందుకు పొమ్మంటుంది, వాక్యం ఆగిపొమ్మంటుంది. ఆయాసం అక్కడ పుట్టింది.

ఇంకొంచెం దగ్గరికి వెళ్దాం. మూడో వాక్యం ప్రాణాలు చోటు తప్పాయన్నది. ప్రాణాలన్న మాట మొదటి పాదం చివర పడింది. తప్పాయన్న మాట రెండో పాదం మొదట్లోకి జారింది. ప్రాణాలు చోటు తప్పినట్టే వాక్యమూ తన పాదం తప్పి కింది పాదంలో పడింది. యతి సంగతీ అంతే. శార్దూలానికి యతి 13వ అక్షరం. ఆ అక్షరం, ధైర్యం చలించిందని చెప్పే మాటకు సరిగ్గా నడిమధ్యన పడింది. అక్కడ ఆగడానికి వీల్లేదు, ఆగితే మాట విరిగిపోతుంది. యతి కుదిరిందని చెవి గుర్తిస్తుంది గానీ గొంతు మాత్రం ఆగకుండా దాటిపోతుంది. ఆఖరి పాదానికి వచ్చేసరికి నివేదించడం అయిపోయింది, మిగిలింది పిలుపు. రమ్మని, కాపాడమని, రక్షించమని మూడు పిలుపులు, మూడు సంబోధనలు. గణాలు మొదటి పాదంలో ఉన్నవే నాలుగో పాదంలోనూ ఉన్నాయి. మారింది వాక్యం.

అదే ఘట్టంలో కొద్ది దూరంలో రెండు మత్తేభాలున్నాయి. ఒకటి వైకుంఠాన్ని చూపించే పద్యం. పురం, అందులో నగరు, ఆ నగరులో మేడ పక్కన వనం, ఆ వనంలో సరస్సు, దాని దరిన పరుపు, ఆ పరుపు మీద లక్ష్మితో విష్ణువు, ఇలా ఒక్కో చోటులోంచి ఇంకో చోటులోకి తీసుకువెళుతుంది. నాలుగు పాదాలూ అయిపోయినా వాక్యాన్ని ముగించే క్రియ రాదు. ఏనుగు మొర విని ఆయన తత్తరపడ్డాడన్న దగ్గర పద్యం అయిపోతుంది, వాక్యం అవదు. రెండోది ఆయన పరుగెత్తిన పద్యం. భార్యకు చెప్పడు, ఆయుధాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, జారిన జుట్టు సర్దుకోడు, పట్టుకున్న చెంగు వదలడు. ఆరు క్రియలు, ఆరూ వ్యతిరేక క్రియలు. చేయని పనులు చెప్పి తొందరను చూపించాడు. మొదటి పద్యంలో క్రియ కోసం మనం ఎదురుచూస్తాం, రెండో పద్యంలో క్రియలు మన మీదికి దూకుతాయి. రెండింటికీ స భ ర న మ య వ గణాలే, యతి 14వ అక్షరమే. గణవిభజన మాత్రమే తెలిసిన విద్యార్థికి ఈ రెండు పద్యాలూ ఒకటే. ఇంత తేడాను చూపించలేని పద్ధతిని పద్యవిశ్లేషణ అని ఎలా పిలుస్తున్నాం?

నాటకం నుంచి ఇంకో సాక్ష్యం. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల్లో జనం నోళ్ళలో నానిన కృష్ణుడి పద్యాలు రెండున్నాయి. ఒకటి, సాయం అడగడానికి వచ్చిన దుర్యోధనుణ్ణి బావా అని పిలిచి, ఎప్పుడొచ్చావు, నీ వాళ్ళంతా క్షేమమా అని పేరుపేరునా అడిగేది. రెండోది రాయబారంలో అర్జునుడి రథాన్నీ దాని మీది జెండానూ వర్ణించి రాబోయే యుద్ధాన్ని కళ్ళకు కట్టేది. రెండూ శార్దూలాలే. పలకరింపూ శార్దూలమే, హెచ్చరికా శార్దూలమే. శార్దూలం మొదట్లో వరసగా వచ్చే మూడు గురువులకు బరువున్న మాట నిజం. ఆ బరువు గజేంద్రుడి నోట బరువెక్కిన ఊపిరి. పలకరింపులో అది చనువుగా సాగదీసిన పిలుపు. రాయబారంలో అదే బెదిరింపు. వృత్తం బరువిచ్చింది, ఆ బరువుతో ఏం చేయాలో వాక్యం నిర్ణయించింది.

శతకాల దగ్గర ఈ నమ్మకం పూర్తిగా వీగిపోతుంది. ధూర్జటి కాళహస్తీశ్వర శతకం శార్దూల మత్తేభాల్లో ఎందుకుంది? శ్రీకాళహస్తీశ్వరా అన్న సంబోధనను విడదీసి చూడండి. త గణం, త గణం, గురువు. శార్దూల పాదం చివరి ఏడు అక్షరాలూ సరిగ్గా అవే, మత్తేభం చివరి ఏడూ అవే. దేవుడి పేరు మకుటంగా పాదం చివర కూర్చోవాలంటే ఆ రెండు వృత్తాలూ చక్కగా అమరాయి. దాశరథి శతకం మకుటానికి పదకొండు అక్షరాలు. అవి ఉత్పలమాల, చంపకమాలల చివరి పదకొండు అక్షరాలతో అచ్చంగా సరిపోతాయి. సుమతీ అన్నది స గణం. కంద పద్యం గురువుతో ముగియాలి కాబట్టి ఆ మాట అక్కడ కుదురుకుంది. మకుటం ఖాయమయ్యాక శతకమంతా ఆ వృత్తాలకు కట్టుబడినట్టే. పద్యం పద్యానికీ రసం చూసి వృత్తాన్ని మార్చుకునే వెసులుబాటు లేదు. అయినా ధూర్జటి ఆ రెండు వృత్తాల్లోనే రాజులను ఈసడించుకున్నాడు, తనను తాను తిట్టుకున్నాడు, శివుణ్ణి బతిమాలాడు, నిలదీశాడు.

అవధానం చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పృచ్ఛకుడు విషయం తానే ఇస్తాడు, వృత్తమూ తానే ఇస్తాడు. రెంటికీ పొత్తు కుదురుతుందా అని చూడడు. అవధాని కాదనకుండా చెబుతాడు, సభ మెచ్చుకుంటుంది. వృత్తానికి ఒకే రసం రాసిపెట్టి ఉంటే ఆ ప్రక్రియ పుట్టేదే కాదు.

మరి ఈ నమ్మకం ఎక్కడిది? శాస్త్రాధారం ఉందని చెప్పేవాళ్ళు క్షేమేంద్రుణ్ణి చూపిస్తారు. 11వ శతాబ్ది కాశ్మీర పండితుడు ఆయన. సువృత్తతిలకంలో ఏ విషయానికి ఏ వృత్తం రాణిస్తుందో చెప్పాడు. రాజుల శౌర్యాన్ని పొగడడానికి శార్దూలమన్నాడు, వానకాలానికీ ప్రవాసానికీ మందాక్రాంత అన్నాడు. గౌరవించాల్సిన గ్రంథమే. కానీ ఆయన కాళిదాసుకు వందల ఏళ్ళ తరవాతివాడు. మేఘదూతం మందాక్రాంతలో అంత గొప్పగా కుదిరింది కాబట్టి మందాక్రాంతకు వానా విరహమూ అంటుకున్నాయి. కాళిదాసుకు మందాక్రాంత, భవభూతికి శిఖరిణి, రాజశేఖరుడికి శార్దూలం బాగా పట్టుబడ్డాయని చెప్పిందీ ఆయనే. అంటే వృత్తం రాణించడంలో కవి చేతికున్న పాలు ఎంతో ఆయనకు బాగా తెలుసు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. సంస్కృత శ్లోకంలో యతి అంటే విరామం. అక్కడ పదం తెగాలి, పాదం చివర తెగాలి. కాబట్టి వృత్తం ఆకారమూ మాట ఆకారమూ అక్కడ చాలావరకు ఒకదానికొకటి ఒదిగి ఉంటాయి. వృత్తాన్ని బట్టి ధోరణిని ఊహించడానికి అక్కడ కొంత ఆస్కారముంది. తెలుగు పద్యం కట్టుబాటు వేరు. మనకు యతి అంటే అక్షరాల మైత్రి. మాట మధ్యలో పడినా దోషం లేదు. మాట ఒక పాదంలో మొదలై మరో పాదంలో ముగిసినా దోషం లేదు. సంస్కృత కవికి లేని ఈ స్వేచ్ఛ తెలుగు కవికి ఉంది. వాక్యాన్ని వృత్తంతో కలిపి నడపవచ్చు, ఎదురు నడపవచ్చు. తిక్కన పాత్రలు మాట్లాడుతుంటే పద్యమన్న సంగతే మరిచిపోయి మాట వింటాం కదా, అది ఈ స్వేచ్ఛ వల్లే. క్షేమేంద్రుడి పట్టికను తెచ్చి తెలుగు పద్యం మీద పరిస్తే, మన పద్యానికి సొంతమైన బలమే దాని కింద కప్పబడిపోతుంది.

రెండో కారణం రాగం. పద్యాన్ని మనం చదివినదాని కంటే విన్నదే ఎక్కువ. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఘంటసాల గొంతులో విన్నవాళ్ళకు ఉత్పలమాల అంటే కళ్ళలో నీళ్ళు తిరగడం సహజం. నాటకంలో హార్మోనియం శ్రుతి మీద నటుడు ఎత్తుకున్న రాగమూ, తీసిన ఆలాపనా పద్యానికి ఒక రంగు పులుముతాయి. ఆ రంగు వృత్తానిదే అనుకుంటాం. అదే ఉత్పలమాలను కాగితం మీద చూసుకుంటూ మామూలు గొంతుతో పైకి చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. విశ్లేషణ అక్కడ మొదలుపెట్టాలి.

పాత పద్యాల్లో అర్థం, భక్తి, అలవాటు అన్నీ పెనవేసుకుని ఉంటాయి, వృత్తం ఒక్కదాన్నే విడదీసి చూడడం కష్టం. అందుకని ఈ వ్యాసం కోసమే రెండు మత్తకోకిల పాదాలు కట్టాను.

వాన చుక్కలు జారి రాలెను వాడ పిల్లలు పాడగా

వానలో తడిశాయి వాకిట వాడి చెప్పులు జంటగా

రెండింటికీ ర స జ జ భ ర గణాలే. రెండింటా 18 అక్షరాలు, 26 మాత్రలు. యతి 11వ అక్షరం, రెండు చోట్లా ‘వా’కు ‘వా’యే. వానా రెండింటా ఉంది. తరగతి గదుల నమ్మకం ప్రకారమైతే రెండూ ఉల్లాసమే కావాలి. మొదటి పాదాన్ని పైకి చదవండి. మత్తకోకిల సహజమైన నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మాటలూ అలాగే తెగాయి. వాన మూడు, చుక్కలు నాలుగు, జారి మూడు, రాలెను నాలుగు. వాక్యం వృత్తం చెయ్యి పట్టుకుని గెంతుతూ పోతోంది. రెండో పాదంలో మొదటి మాట ‘వానలో’ అయిదు మాత్రలు. మూడు మాత్రల దగ్గర తెగాల్సిన చోట తెగకుండా ‘లో’ అన్న దీర్ఘం అవతలికి సాగింది. ‘తడిశాయి’ ఇంకో అయిదు. అది కూడా నడక విరగాల్సిన చోట విరగలేదు. మూడు నాలుగు మూడు నాలుగుగా పోవాల్సిన సగం పాదం అయిదు అయిదు నాలుగుగా నడిచింది. అడుగు ఈడ్చుకున్నట్టు అవుతుంది. ‘వాడి చెప్పులు’ దగ్గరికి వచ్చేసరికి మాటలు మళ్ళీ నడకలో పడ్డాయి, గొంతు సర్దుకుంది, చూపు చెప్పుల మీద నిలిచింది. దుఃఖాన్ని తెచ్చింది చెప్పులూ, వాటిని వేసుకునే మనిషి కనబడకపోవడమూ. ఆ దుఃఖానికి గొంతునిచ్చింది మాత్రం వృత్తంతో వాక్యం పడిన పేచీ. విశ్లేషణ అంటే దీన్ని చూపించడం. మత్తకోకిల అని పేరు చెప్పి ఊరుకుంటే రెండు పాదాలకూ ఒకటే జవాబు వస్తుంది.

గురజాడ 1910లో ముత్యాల సరానికి తీసుకున్నది కూడా ఈ మూడు నాలుగు మాత్రల నడకనే. దేశాన్ని ప్రేమించమని ఉత్సాహపరిచే గేయం ఆ నడకలోనే ఉంది, రాజు కళ్ళబడి నిప్పుల్లో దూకిన కన్యక కథా ఆ నడకలోనే ఉంది.

ఇటువైపు ఇలా ఉంటే, అటువైపు ఛందస్సు సంకెళ్ళనీ దాన్ని వదిలేసి భావం చూస్తే చాలనీ అనేవాళ్ళున్నారు. పఠాభి 1939లో ఫిడేలు రాగాల డజన్‌తో ఛందస్సు మీద తిరగబడ్డప్పుడు ఆ తిరుగుబాటుకు కారణాలున్నాయి. ఆయన తిరగబడ్డది యాంత్రికమైన పద్యం మీద. ఆ తరవాత వచ్చిన విమర్శలో చాలా భాగం మాత్రం రూపాన్ని చూడడమే మానేసింది. వచన కవితలో పంక్తి ఎక్కడ విరిగింది, క్రియను ఎంతసేపు ఆపి ఉంచారు, ఒక్క మాటనే పంక్తిగా ఎందుకు నిలబెట్టారు అన్నది కూడా రూపమే. దాన్ని వదిలేసి, కవి ఆవేదన చెందాడు, ఆగ్రహించాడు అని రాస్తే ఆ మాట పత్రికలో వార్త గురించి కూడా రాయవచ్చు. పేరు చూసి రసం చెప్పే పండితుడూ, రూపాన్ని పక్కన పెట్టి భావం చెప్పే ఆధునికుడూ ఒకరినొకరు తిట్టుకుంటారు గానీ, ఇద్దరూ చేసేది ఒకటే. ఇద్దరూ పద్యాన్ని చదవకుండా దాటేస్తున్నారు.

ఇదంతా పెద్దవాళ్ళకు సరే, పదో తరగతి పిల్లలకు ఎలా చెబుతామని ఉపాధ్యాయులు అడుగుతారు. గురువూ లఘువూ గుర్తించగలిగిన పిల్లవాడు ఇదీ చేయగలడు. గణాల మధ్య నిలువు గీతలు గీస్తున్నాడు కదా. అదే పాదం కింద మాటలు ముగిసే చోట ఇంకో రంగుతో గీతలు గీయమనండి. క్రియల చుట్టూ సున్నా చుట్టమనండి. రెండు రంగుల గీతలు కలిసిన చోటా కలవని చోటా గొంతు ఏం చేస్తోందో పైకి చదివి చెప్పమనండి. దీనికి సంస్కృతం రానక్కర్లేదు, అలంకారశాస్త్రం రానక్కర్లేదు. చెవి ఉంటే చాలు, అది పిల్లలకు మనకంటే బాగానే ఉంటుంది.

అడ్డం వస్తున్నది ప్రశ్నపత్రం. కింది పద్యపాదానికి గణవిభజన చేసి యతిని గుర్తించి పద్యం పేరు రాయండి అని ఒక్క పాదాన్ని విడిగా తీసి ఇస్తారు. భావం ఇంకో ప్రశ్న. ఒక్క పాదమే ఇచ్చినప్పుడు వాక్యం ఒక పాదం నుంచి ఇంకో పాదంలోకి జారిన సంగతి పిల్లవాడికి కనబడే దారే లేదు. గజేంద్రుడి మొరలో మొదటి పాదాన్ని మాత్రమే ఇస్తే ప్రాణాలు ఏమయ్యాయో ఆ పాదంలో ఉండదు. గణాలన్నీ సరిగ్గా విడదీసి, శార్దూలమని పేరు రాసి, నిండా మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి కూడా ఆ వాక్యం ముగియలేదన్న సంగతి తెలియదు. పద్యం మొత్తం ఇవ్వండి. రెండో పాదం మొదటి మాట దేని గురించి చెబుతోంది, అది పై పాదంలో ఎందుకు లేదు అని అడగండి. గణాల ప్రశ్నకూ భావం ప్రశ్నకూ వేరువేరు మార్కులు పెట్టడం మానేసి, ఆ రెండు మార్కులూ కలిపి ఈ ఒక్క ప్రశ్నకు ఇవ్వండి.